రేపటి క్లైవ్ దగ్గర అప్రెంటిస్

డార్వెన్ ఊళ్ళో క్లైవ్ ఒగ్డెన్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రేపటి క్లైవ్ ఇల్లంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మం ముందు దింపి వెళ్తారు.

ఏ పని చెప్పినా "రేపు చూద్దాం" అనడం ఆయన అలవాటు. ఆ పేరు పెట్టింది భార్య బెవర్లీ, ఊరంతా పంచింది పక్కింటి నోటి నార్మన్. ఆరేళ్ళ కిందట బాత్రూమ్‌లో ఒక టైలు కదులుతోందని క్లైవ్ దాన్ని ఊడదీశాడు. దాని చుట్టూ ఉన్న పద్నాలుగు టైళ్ళు సానుభూతితో రాలిపోయాయి. తాను పనిచేసే తివాచీల కొట్టులోంచి ఒక గోధుమరంగు ముక్క తెచ్చి ఆ ఖాళీ మీద మేకులతో కొట్టి, "ఇది తాత్కాలికం" అన్నాడు. అప్పట్నుంచీ ఒగ్డెన్ కుటుంబం తడి తివాచీ వాసన పీలుస్తూ స్నానాలు చేస్తోంది.

అలాంటి మనిషి ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే లేచి, "సోమవారం ఏడింటికి బాత్రూమ్ పని మొదలు. వారం సెలవు పెట్టాను" అన్నాడు. బెవర్లీ చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఈ మనిషి నోట ఒక వారం పేరు, ఒక టైము కలిసి రావడం ఆవిడ వినలేదు. దీని వెనక ఏదో కుట్ర ఉందని అర్థమైపోయింది.

కుట్ర ఉంది.

అంతకు రెండు రోజుల ముందు వాళ్ళమ్మాయి టామ్సిన్ కాలేజీ ఫలితాలొచ్చాయి. అనుకున్నదానికంటే బాగా వచ్చాయి. షెఫీల్డ్ యూనివర్సిటీలో చరిత్ర చదవడానికి సీటు ఖాయమైంది. "ఒగ్డెన్ వంశంలో యూనివర్సిటీ గడప తొక్కబోయే మొదటి మనిషి మా అమ్మాయి" అని క్లైవ్ రెండేళ్ళుగా బౌల్స్ క్లబ్బులో, పచ్చిక మీద బంతి దొర్లించిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నాడు. వినీ వినీ క్లబ్బు వాళ్ళు ఆ అమ్మాయి ఈపాటికి చదువు ముగించి ఉంటుందనుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర టామ్సిన్ చల్లగా చెప్పింది.

"నాన్నా, పిల్లింగ్ లిఫ్టుల కంపెనీలో సీటొచ్చింది."

"లిఫ్టులో సీటెందుకమ్మా, అందరూ నిలబడే వెళ్తారుగా."

"అప్రెంటిస్ సీటు. లిఫ్టులు తయారు చెయ్యడం, బిగించడం, పాడైతే బాగుచెయ్యడం. జీతం ఇస్తూ నేర్పిస్తారు. నాలుగు సీట్లకి ఆరువందల మంది పోటీ. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు ఫోన్ చేసి వస్తానో రానో చెప్పాలి. చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాకు వెళ్ళాలనుంది. ఇంకో సంగతేంటంటే, వారంలో ఒక రోజు..."

"అప్రెంటిసా?" అన్నాడు క్లైవ్. ఫోర్కుకి గుచ్చిన ఆలూ చిప్పు జారి గ్రేవీలో పడింది. "యూనివర్సిటీ సీటు పెట్టుకుని అప్రెంటిసా?"

"అది కాదు నాన్నా, వారంలో ఒక రోజు..."

"వారంలో ఒక రోజు కాదు, ఏడు రోజులూ అక్కడ నేల ఊడవాలి. నాకు తెలుసు. నేను చూశాను."

ఆ తర్వాత యూనివర్సిటీ గురించి క్లైవ్ నలభై నిమిషాలు మాట్లాడాడు. తను చూడనివాటి గురించి మాట్లాడ్డంలో ఆయనకి ఎప్పుడూ అలుపు రాదు. ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడంతా లెక్క సరిచూసుకుని, శనివారం పొద్దున పథకం బయటపెట్టాడు.

"టామ్సిన్, ఒక పందెం. వారం రోజులు నా దగ్గర అప్రెంటిస్‌గా చెయ్యి. బాత్రూమ్ పని మనిద్దరం చేద్దాం. శుక్రవారం దాకా నిలబడితే నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. మధ్యలో 'నావల్ల కాదు నాన్నా' అన్నావో, షెఫీల్డ్."

"సరే" అంది టామ్సిన్, రొట్టె నములుతూ.

"నీకేం వచ్చని దానికి నేర్పిస్తావు?" అంది బెవర్లీ.

"నేనూ అప్రెంటిస్‌గా చేసినవాణ్ణే. పదహారేళ్ళకే ఇంజినీరింగ్ షాపులో చేరాను. ఆ నడుంనొప్పి రాకపోతే ఈపాటికి..."

"ఈపాటికి రేపో మాపో మేనేజరయ్యేవాడివి."

బెవర్లీ ఉద్యోగం బడి ముందు రోడ్డు మధ్యలో నిలబడి పిల్లల్ని దాటించడం. ఆవిడ చెయ్యెత్తితే పెద్ద పెద్ద లారీలు ఆగుతాయి. ఇంట్లో అంత శ్రమ అక్కర్లేదు, కనుబొమ్మ ఎత్తితే చాలు. ఆ రోజు మాత్రం ఎత్తలేదు. ఆరేళ్ళ తివాచీ వాసన ఆవిడ నోరు నొక్కేసింది.

క్లైవ్ లెక్క చాలా సులువు. అప్రెంటిస్ అంటే ఊడవడం, టీ పెట్టడం, తిట్లు తినడం, నలుగురిలో నవ్వులపాలు కావడం. ఇవన్నీ కలిపి మూడు రోజులు పట్టిస్తే, నాలుగో రోజు పిల్ల తనంతట తనే షెఫీల్డ్ బస్సెక్కుతుంది.

సోమవారం ఏడింటికి ఆయన ముప్ఫై ఏడేళ్ళనాటి పనిబట్టలు తొడుక్కుని బాత్రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. మూడు గుండీలు పట్టలేదు. గొంతు మొరటుగా ఉండాలని అద్దం ముందు సాధన కూడా చేశాడు. తీరా చూస్తే టామ్సిన్ అప్పటికే బూట్లేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, చెవి వెనక పెన్సిల్‌తో తయారుగా ఉంది. చేతిలో ఒక నోటుపుస్తకం.

"ఏంటది?"

"పని పుస్తకం. అప్రెంటిస్‌లు రోజూ ఏం నేర్చుకున్నారో రాసుకోవాలి."

"ఇక్కడ నేర్చుకోవడం ఉండదు. ఊడవడం ఉంటుంది."

టామ్సిన్ అది కూడా రాసుకుంది.

మొదటి గంటలో ఊడ్చిన చోటే మూడుసార్లు ఊడిపించాడు. తర్వాత టీ పెట్టమన్నాడు. మేస్త్రీ అన్నవాడు గంటకో టీ తాగాలని ఆయన సిద్ధాంతం. మధ్యాహ్నానికి ఆరు కప్పులు తాగి, వాష్‌బేసిన్ కిందికి దూరి, "టార్చి పట్టుకో" అన్నాడు.

టామ్సిన్ పట్టుకుంది.

"అక్కడ కాదు, నేను చూసేచోట."

"నువ్వెక్కడ చూస్తున్నావో నాకెలా తెలుస్తుంది?"

"మంచి అప్రెంటిస్‌కి తెలుస్తుంది."

"మంచి మేస్త్రీ చెబుతాడు."

వంటింట్లోంచి బెవర్లీ నవ్వు వినపడింది. క్లైవ్ తల ఎత్తబోయి బేసిన్‌కి కొట్టుకున్నాడు. ఆ దెబ్బకి తివాచీ ముక్క ఊడి, దానితోపాటు ఇంకో ఎనిమిది టైళ్ళు నేలకి దిగాయి. టామ్సిన్ చీపురు అందుకుని ఊడ్చేసి, పుస్తకంలో "తల ఎత్తేముందు పైన ఏముందో చూసుకోవాలి" అని రాసింది. ఆ రోజుకి నేర్చుకున్నది అదొక్కటే అయినా, పనికొచ్చే సంగతే.

మంగళవారం క్లైవ్ పట్టుదల పెంచాడు. పని ఎంత మురికిగా ఉంటే పిల్ల అంత తొందరగా పారిపోతుందని, కమోడ్ ఊడదీద్దామన్నాడు.

"కమోడ్ బాగానే ఉందిగా నాన్నా."

"పైకి అలాగే కనిపిస్తుంది."

బాగానే ఉన్న కమోడ్ పదకొండింటికి రెండు ముక్కలైంది. అప్పటికి క్లైవ్ కడుపులో ఐదు కప్పుల టీ ఉంది. ఆ సంగతి ఆయనకి పదకొండూ ఐదుకి గుర్తొచ్చింది.

అలా ఒగ్డెన్ కుటుంబం నోటి నార్మన్ గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. క్లబ్బులో క్లైవ్‌కి బద్ధశత్రువు నార్మన్. ఆయన తలుపు తీసి, క్లైవ్ ఎందుకొచ్చాడో మొహంలోనే చదివేసుకుని, అయినా ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఏం క్లైవ్, ఊరికే వచ్చావా?"

"ఊరికే రాలేదు నార్మన్. జరుగు."

"అమ్మాయి యూనివర్సిటీ సంగతి ఎంతదాకా వచ్చింది?"

"నార్మన్, ముందు జరుగు."

"షెఫీల్డ్‌లో వర్షాలెక్కువంటారు, కదూ?"

వర్షం అన్న మాటకి క్లైవ్ తట్టుకోలేక నార్మన్‌ని పక్కకి తోసి లోపలికి పరిగెత్తాడు. సాయంత్రానికి నార్మన్ తన తలుపు మీద ఒక కాగితం అంటించాడు. "ఒగ్డెన్ కుటుంబానికి ప్రవేశ వేళలు" అని పైన, కింద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి టైములు. వీధిలో వెళ్ళేవాళ్ళంతా ఆగి చదువుకుని వెళ్తున్నారు.

తువ్వాలు భుజాన వేసుకుని నార్మన్ ఇంటికి వెళ్తూ బెవర్లీ అంది: "అది పారిపోయేలా లేదు గానీ, నేను పారిపోయేలా ఉన్నాను."

"ఇంకొక్క రోజు ఓపిక పట్టు. రేపు చూడు."

"రేపు అనకు నాతో."

కానీ ఆ రేపటికి క్లైవ్ దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. ఇంగ్లీషు వాళ్ళ దేశంలో ఏ పనిశాలకి వెళ్ళినా, కొత్తగా చేరిన అప్రెంటిస్‌ని లోకంలో లేని వస్తువేదో తెమ్మని పంపించడం పాత ఆచారం. పాపం ఆ పిల్లవాడు కొట్టు కొట్టూ తిరిగి ఒట్టి చేతుల్తో వస్తే అందరూ పడీ పడీ నవ్వుతారు. బుధవారం పదింటికి క్లైవ్ నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

"టామ్సిన్, బజారుకి వెళ్ళి బోల్టుల బర్ట్ ఇనపసామాన్ల కొట్లో చారల పెయింటు ఒక డబ్బా పట్రా. ఎరుపూ తెలుపూ చారలు. పులిచారలు ఇస్తానంటే వద్దను."

"సరే నాన్నా" అని టామ్సిన్ కోటు తొడుక్కుని వెళ్ళింది.

క్లైవ్ మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. పదకొండింటికి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పన్నెండింటికి నవ్వు కొంచెం తగ్గింది. ఒంటిగంటకి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. రెండింటికి ఆయన మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"నవ్వేమైంది?" అంది బెవర్లీ.

"వెళ్ళి నాలుగు గంటలైంది. ఊళ్ళో కొట్లన్నీ తిరుగుతోందేమో. అందరూ చుట్టూ చేరి..." అని ఆపేశాడు.

"నువ్వే కదా పంపించావు."

"పంపించానులే."

మూడింటికి టామ్సిన్ వచ్చింది. కోటుకి గ్రీజు మరక, చేతిలో బరువైన సంచి, మొహం నిండా వెలుగు.

"చారల పెయింటు లేదట నాన్నా. ముప్ఫై ఏడేళ్ళుగా ఇలాంటివి ఎవరూ అడగలేదట. ఒగ్డెన్ అని పేరు చెప్పగానే బర్ట్ గారు కొట్టు మూసేసి, నన్ను కూర్చోబెట్టి, ఒక కథ చెప్పారు."

క్లైవ్ మెల్లిగా మెట్లు ఎక్కబోయాడు. బెవర్లీ కనుబొమ్మ ఎత్తింది. క్లైవ్ ఆగిపోయాడు.

"అప్పట్లో ఒక అప్రెంటిస్ వచ్చాడట. గోడ వాలిందో లేదో చూసే రసమట్టంలోకి స్పేరు బుడగ ఒకటి కావాలన్నాడట. గాలి బుడగ. పెద్దదా చిన్నదా అని బర్ట్ గారు అడిగితే, మా మేస్త్రీని కనుక్కుని వస్తానని మళ్ళీ ఫ్యాక్టరీ దాకా వెళ్ళాడట. అలా మూడుసార్లు వచ్చాడట. చివరిసారి ఇంటినుంచి జాడీ కూడా తెచ్చుకున్నాడట, దారిలో బుడగ పగలకుండా. ఆ సాయంత్రమే పని మానేసి మళ్ళీ గేటు దగ్గరికి రాలేదట."

బెవర్లీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి నడుం?" అంది.

"ఏ నడుం?" అన్నాడు క్లైవ్.

"నీ నడుం. ఇంజినీరింగ్ షాపులో పట్టేసి, నీ భవిష్యత్తుని నాశనం చేసిన నడుం. ఇరవై ఆరేళ్ళుగా నేను రాత్రిళ్ళు మందు రాస్తున్న నడుం. ఆ నడుం కోసం ఈ ఇంట్లో ఫ్రిజ్ నేను మోశాను. సోఫా నేను మోశాను. ఇది పుట్టిన వారానికి మంచం నేను జరిపాను, నువ్వు పక్కన నిలబడి 'జాగ్రత్త బెవ్' అన్నావు."

"నొప్పి అప్పుడప్పుడు నిజంగానే వచ్చేది."

"ఎప్పుడు?"

"ఫ్రిజ్ చూసినప్పుడు."

ఆ సాయంత్రం విరిగిన కమోడ్ ముక్కలు రెండూ క్లైవ్ ఒక్కడే మోసుకుంటూ మెట్లు దిగాడు. వెనకాలే బెవర్లీ నడుస్తూ, "జాగ్రత్త క్లైవ్" అంటూ వచ్చింది. నార్మన్ కంచె అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

టామ్సిన్ సంచిలో కొత్త కుళాయి, వాషర్లు, పెద్ద పానా ఒకటి ఉన్నాయి. చారల పెయింటు వేళాకోళమని దానికి ముందే తెలుసు, కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారట. అయినా కొట్టు చూడాలనిపించి వెళ్ళింది. కథ అయ్యాక బర్ట్ గారు పైపులు ఎలా కలపాలో చూపిస్తే, మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించింది.

గురువారం సంగతి చెప్పుకోవడానికి క్లైవ్‌కి ఇప్పటికీ మనసొప్పదు. ఆ రోజు మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు, అప్రెంటిస్ పని చేసింది. బర్ట్ కొట్టునుంచి తెప్పించిన కొత్త కమోడ్ కదలకుండా కూర్చుంది. టైళ్ళు గీత గీసినట్టు వరసగా నిలబడ్డాయి. సాయంత్రం బెవర్లీ వచ్చి గోడని చేత్తో నిమిరి చూసి, కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది. టామ్సిన్ నేలమీద కూర్చుని మోకాళ్ళ మీద సిమెంటు దులుపుకుంటూ, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

"నాన్నా, ఇది ఎంత బాగుందో తెలుసా. చేసింది చేసినట్టు ఎదురుగా కనిపిస్తుంది. పిల్లింగ్‌లో అయితే ఇంకా, వారంలో ఒక రోజు..."

"అలసిపోయావమ్మా. పడుకో" అన్నాడు క్లైవ్. పిల్ల పారిపోవడం లేదు. మిగిలింది ఒక్క పూట.

శుక్రవారం పొద్దున బెవర్లీ కూతుర్ని అడిగింది: "ఇంకా ఎందుకు ఆలస్యం, ఫోన్ చేసెయ్యొచ్చుగా?"

"పని అయ్యేదాకా ఉంటానని ఒప్పుకున్నా కదమ్మా. పదకొండున్నరకి ముగిస్తాం. నాన్న 'సరే' అన్నాక చేస్తాను. ఆ మాట లేకుండా వెళ్ళాలని లేదు."

గుమ్మం పక్కనుంచి క్లైవ్ విన్నాడు. సిగ్గేసింది. అయినా మనసు మార్చుకోలేదు. పదకొండూ పదికి బాత్రూమ్‌లోకి వచ్చి, "ఈ కుళాయి ఒక్కటీ మార్చేద్దాం. పది నిమిషాల పని" అన్నాడు. ఆయన చేతిలో పది నిమిషాల పని నాలుగు గంటలకి తక్కువ ఎప్పుడూ పట్టలేదు. గడువు పన్నెండు. తన చేతగానితనం మీద అంత భరోసా పెట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి.

"వాల్వు కట్టేశావా?" అంది టామ్సిన్.

"మేస్త్రీకి చెబుతున్నావా?" అని క్లైవ్ పానా వేసి నట్టు తిప్పాడు.

కుళాయి లేచి వెళ్ళి పైకప్పుకి కొట్టుకుని స్నానాల తొట్టిలో పడింది. వెనకాలే నీళ్ళు. క్లైవ్ భయంతో బొటనవేలు పైపులో దూర్చి, రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని, బేసిన్ మీద బోర్లాపడ్డాడు. నీళ్ళు ఆగాయి. బొటనవేలు కదిపితే మళ్ళీ వస్తాయి.

"వాల్వు ఎక్కడ నాన్నా?"

"మెట్ల కింద అలమరలో."

"అలమరలో ఎక్కడ?"

"అన్నిటికంటే వెనక."

బెవర్లీ కిందికి పరిగెత్తింది. ఆరేళ్ళుగా రేపు సర్దుతానన్న అలమర అది. అరగంటసేపు కిందనుంచి ఆవిడ గొంతు ఒక్కో వస్తువుకీ వినిపించింది.

"ఇస్త్రీ బల్ల. క్రిస్మస్ చెట్టు. ఇంకో క్రిస్మస్ చెట్టు. గాలి పడవ ఒకటి ఉంది క్లైవ్, పైకి పంపనా? పనికొచ్చేలా ఉంది."

"వాల్వు, బెవ్, వాల్వు."

"దొరికింది. తిరగడం లేదు. దీనికి పెయింటు వేశావా?"

"ఎప్పుడో గోడకి వేస్తూ దానికీ వేశాను. ఒక్కటే మిగిలిపోయినట్టుంటే బాగోదని."

టామ్సిన్ గోడ గడియారం చూసింది. పన్నెండుకి పది నిమిషాలుంది. జేబులోంచి ఫోన్ తీసింది. తండ్రి వంక చూసింది. బొటనవేలి పక్కనుంచి సన్నటి ధార ఒకటి ఆయన చెవిలోకి పడుతోంది. ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టేసి పానా తీసుకుంది.

"ముందు వాల్వు సంగతి చూస్తా. పెయింటు గీకడానికి పావుగంట పడుతుంది. నువ్వు కదలకు."

"మరి ఫోన్?"

"తర్వాత చూద్దాం. పోతే పోతుంది నాన్నా. ఇల్లు మునగకూడదు కదా."

క్లైవ్ వారం రోజులుగా కోరుకున్నది సరిగ్గా ఇదే. పథకం అక్షరం పొల్లుపోకుండా పారింది. ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. గుమ్మం దాటుతున్న కూతురి వీపు చూశాడు. భుజాలు వంగిపోయి ఉన్నాయి. అచ్చం ముప్ఫై ఏడేళ్ళ కిందట జాడీ పట్టుకుని ఇంటికి నడిచినవాడి భుజాల్లా ఉన్నాయి.

"టామ్సిన్, ఆగు. ఫోన్ చెయ్యి."

"నీళ్ళు?"

"నీళ్ళు నా వేలి కింద ఉన్నాయి. నేనెక్కడికీ పోను. నువ్వు చెయ్యి."

అది వెనక్కి వచ్చి నిలబడింది. క్లైవ్ బేసిన్‌లోకి చూస్తూనే మాట్లాడాడు.

"ఆ రోజు షాపంతా నవ్వింది. నలభై మంది. ఆ గేటులోకి మళ్ళీ కాలు పెట్టలేకపోయాను. నాకు యూనివర్సిటీ అంటే ఏంటో కూడా తెలీదమ్మా. అక్కడైతే నిన్ను చూసి ఎవరూ అలా నవ్వరనుకున్నాను. అంతే."

"నవ్వితే నవ్వనీ నాన్నా. మొన్న నేనూ బర్ట్ గారూ గంటసేపు నవ్వుకున్నాం."

"నన్ను చూసా?"

"నిన్ను చూసే. మధ్యలో ఆయన అన్నారు, ఆ కుర్రాడు ఇంకొక్క రోజు ఆగి ఉంటే, నవ్విన నలభై మందీ వాణ్ణి భుజాన వేసుకునేవాళ్ళని. వాళ్ళందరూ అలా లేని వస్తువేదో ఒకదాని కోసం తిరిగొచ్చినవాళ్ళేనట."

క్లైవ్ పైపులో వేలు ఇంకాస్త గట్టిగా నొక్కాడు. "సరే. సరే అంటున్నాను. చెయ్యి" అన్నాడు.

టామ్సిన్ ఫోన్ నొక్కి, స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచి, ఆయన వేలి చుట్టూ తువ్వాలు చుట్టడం మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలే ఉంది. అవతల పిల్లింగ్ కంపెనీలో అప్రెంటిస్‌ల వ్యవహారం చూసే రుఖ్సానా ఎత్తింది.

"టామ్సిన్, నీ గురించే అనుకుంటున్నాను. రావేమో అనుకున్నాం."

"వస్తానండీ. తప్పకుండా వస్తాను. అమ్మా, వాల్వుని సుత్తితో మెల్లిగా తట్టు, గట్టిగా కొట్టకు. క్షమించండి, మీతో కాదు."

"పర్వాలేదు. సెప్టెంబరు మొదటి సోమవారం ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండు. గురువారాలు మాత్రం ఫ్యాక్టరీకి రాకూడదు, గుర్తుందిగా."

"ఎందుకు రాకూడదు?" అన్నాడు క్లైవ్, బేసిన్‌లోంచి.

"గురువారం బోల్టన్‌లో యూనివర్సిటీకి వెళ్ళాలి కదా" అంది రుఖ్సానా. "నాలుగేళ్ళు. ఫీజులన్నీ మావే. చివర్లో ఇంజినీరింగ్ డిగ్రీ వస్తుంది."

క్లైవ్ బొటనవేలు జారింది. నీళ్ళు పైకప్పు దాకా లేచాయి. ఆయన పెట్టిన కేకకి పక్కింట్లో నార్మన్ కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ వేలు దూర్చి, మొహమంతా నీళ్ళు కారుతుంటే, "డిగ్రీయా?" అన్నాడు.

"మూడుసార్లు చెప్పబోయింది నీకు" అని మెట్ల కిందనుంచి బెవర్లీ అరిచింది. "నువ్వేమో దానికే యూనివర్సిటీ గురించి చెబుతూ కూర్చున్నావు."

"ఇందాక అలా కేక పెట్టినాయన ఎవరమ్మా?" అంది రుఖ్సానా కంగారుగా.

టామ్సిన్ తండ్రి వంక చూసింది.

"మా అప్రెంటిస్ అండీ."

"అలాగా. చేరి ఎన్నాళ్ళయింది?"

"సోమవారం చేరాడు."

"ఎలా చేస్తున్నాడు?"

"మొదట్లో పనికిరాడనుకున్నానండీ" అంది టామ్సిన్. తువ్వాలు చివర బిగించి కట్టి, ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. "కానీ పని మధ్యలో వదిలిపెట్టి వెళ్ళడం లేదు."

క్లైవ్‌కి కళ్ళు తుడుచుకోవాలనిపించింది. చేతులు ఖాళీ లేవు.